నేరేడు గడ్డ, నీళ్ళ చెంబు

మొన్న ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి మా మనవరాలు ఖమ్మంల ఏదో పెద్ద దుకాణంకు పోయి ఒక గడ్డ కొనుక్కొచ్చింది. ఒక్కటంటే ఒక్కటే గడ్డ. దానికి పలచటి కాయితం చుట్టి, మీద స్టిక్కర్ అంటించి ఉంది. పురుటి పిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులతోని పట్టుకున్నది.

"అమ్మమ్మా, పర్పుల్ స్వీట్ పొటాటో. మన దిక్కు దొరకదు. ఒంటికి మస్తు మంచిదట" అనుకుంట కత్తి పెట్టి రెండు చెక్కలు చేసింది.

లోపల నేరేడు పండు రంగు. తోలు కింద సన్నటి తెల్ల గీత. చేతుల సంచి కింద పెట్టకముందే ముక్క గుంజుకొని వాసన చూసిన. పచ్చి గడ్డకు మట్టి వాసన తప్ప వేరే వాసనేం ఉండదు. ఆ మట్టి వాసన గూడ దుకాణపోళ్ళు కడిగిపారేసినరు. అయినా నోట్ల నీళ్ళూరినయ్.

"మన దిక్కు దొరకదని నీకెవరు చెప్పినరే?" అన్న.

"షాపతను."

"నీ షాపతను పుట్టకముందే నేను దీన్ని తిని, నాలిక నల్లగ చేసుకొని బడికి పోయి సారుతోని దెబ్బలు తిన్న. పో, గిన్నెల నీళ్ళు పెట్టు."

గిన్నె పొయ్యి మీద పెట్టి అది ఫోన్ పట్టుకొని కూర్చున్నది. నాకు కూర్చునుడు ఎక్కడ వస్తది? మూత తీసి చూసిన. పుల్లతోని గుచ్చి చూసిన. బాల్కనీలకు పోయి రోడ్డు చూసి వచ్చి మళ్ళ మూత తీసిన.

"అమ్మమ్మా, మాటిమాటికి మూత తీస్తే ఎట్ల ఉడుకుతది? కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్" అన్నది.

అచ్చం మా నాయనమ్మ మాట. నాయనమ్మ ముఖం దీనికి ఫోటోల గూడ తెల్వదు. అయినా ఆ మాట ఎట్ల వచ్చిందో వచ్చింది. ఇంక నేను ఆగలేకపోయిన. పొయ్యి కాడ నిలబడే చెప్పుడు మొదలుపెట్టిన. అది వింటున్నదో ఫోన్ చూస్తున్నదో నాకు పట్టలేదు.

మా నాయనమ్మ ఇల్లు బూర్గంపాడు దాటి అడివి దిక్కు పోయే బాట మీద, ఊరికి ఆఖరున ఉండేది. అమ్మానాయన బొగ్గు గనుల పనికి మణుగూరు పోయినరు. బడి పాడైతదని నన్ను నాయనమ్మ దగ్గర ఉంచినరు. ఇంట్ల నాయనమ్మ, నేను, మా చిన్న బాబాయి. తాత నేను పుట్టకముందే పోయిండు.

నేను ఒక్కచోట నిలిచే పిల్లను కాదు. అన్నం తినుకుంటనే లేచి తిరిగేదాన్ని. చర్చిల ప్రార్థన నడుస్తుంటే బల్ల కింద నుంచి పాక్కుంట పోయి అవతలి వరుసల తేలేదాన్ని. నాయనమ్మ చూసీ చూసీ ఒక ఉపాయం కనిపెట్టింది. పక్కన కూర్చోబెట్టుకొని నా జడ మొదట్ల పిడికిట్ల పట్టుకునేది. నొప్పి పెట్టేది కాదు, కానీ లేస్తే గుంజేది. పెద్దలు మాట్లాడుకునేటప్పుడు, ప్రార్థనప్పుడు, ఎవరన్న కొత్తోళ్ళు వచ్చినప్పుడు నా జడ ఆమె చేతుల్నే ఉండేది. బాబాయి చూసి, "దూడకు పలుపు పట్టినట్టు పట్టినవేందే అవ్వా" అని నవ్వేటోడు.

ఇంటి వెనక చిన్న చెలక. అండ్ల మొక్కజొన్న, కందులు, ఒక మూలకు గెనుసుగడ్డ. కృష్ణా జిల్లా నుంచి వచ్చి మా దిక్కు భూములు కొన్న రైతులు దాన్ని చిలగడదుంప అంటరు. అందరి చేన్ల కాసే గడ్డకు తోలు ఎర్రగ, లోపల తెల్లగ ఉంటది. ఉడికితే మెత్తగ, కొంచెం నీరు నీరుగ అయితది. మా చెలకల కాసేది వేరు. పైన చూస్తే మురికి పట్టిన గడ్డ, కోస్తే ఈ రంగు. పినపాక అవతల అడివి ఊరి నుంచి సంతకు వచ్చే ఒక ముసలామె దగ్గర నాయనమ్మ ఎండుచేపలు ఇచ్చి ఆ తీగ తెచ్చుకున్నదట. ఆమె మాట నాయనమ్మకు సగం తెలిసేది, నాయనమ్మ మాట ఆమెకు సగం తెలిసేది. ఆ సగం సగంతోనే గడ్డ ఎట్ల పెట్టాలె, ఎట్ల వండాలె అన్నీ నేర్చుకున్నది. దాని పేరు మాత్రం నాయనమ్మకు నోరు తిరగలేదు. నాలికకు అంటుకునే రంగు చూసి నేరేడు గడ్డ అని తనే పేరు పెట్టింది.

దీనికి గింజ లేదు. తీగ ముక్క నాటితేనే మళ్ళ గడ్డ. ఎండకాలం తీగ చచ్చిపోయిందంటే ఇంక అంతే సంగతులు. అందుకని మేము తానాలు చేసే బండ పక్కన, నీళ్ళు పారే కాడ, నాయనమ్మ నాలుగు తీగలను ఎండకాలమంత పెంచేది. ఎండలు ముదిరితే నేను రోజూ అదే బండ మీద తానం చేయాలె. వాగుకు పోతనంటే ఒప్పుకునేది కాదు. "నువ్వు వాగుల మునిగితే నా తీగకు నీళ్ళు ఎవరిస్తరు?" అనేది.

ఒక యేడు వానలు పడంగనే బాబాయి ఒక అమ్మాయిని తీసుకొచ్చిండు.

బాబాయి ట్రాక్టర్ నడిపేటోడు. సత్తుపల్లి దిక్కు ఒక రైతు దగ్గర దున్నకాలకు పోయి, ఆ రైతు బిడ్డను చేసుకొని వచ్చిండు. చర్చిల పాస్టరయ్య ప్రార్థన చేసి పెండ్లి చేసిండు. పిల్ల దిక్కు నుంచి ఒక్కరు రాలేదు. వాళ్ళు భూములున్నోళ్ళు, కులమున్నోళ్ళు. మేము ఏసయ్యను నమ్ముకున్నోళ్ళం, ఊరి చివర ఉండేటోళ్ళం. వాళ్ళు మా ఇంట్ల కూర్చుంటే కూర్చుంటరేమో గని మా చేతి నీళ్ళు తాగరు. ఇప్పుడు చెప్తుంటే నాకు ఒళ్ళు మండుతది. అప్పుడు మాత్రం ఎండ ఉన్నట్టు, వాన ఉన్నట్టు అది గూడ ఉండేది, అంతే.

చిన్నమ్మ మెల్లగ మాట్లాడేది. "అత్తయ్యా, నీళ్ళు తోడమంటారా" అని అడిగేది. మా ఇంట్ల ఎవరూ ఎవర్నీ గట్ల అడగరు. నాయనమ్మకు ఆ మర్యాద చూస్తే తిక్క లేచేది. "తోడాలనుకుంటే తోడు బిడ్డా, నన్నేంది అడుగుడు" అనేది. వచ్చిన కొత్తల చిన్నమ్మ కండ్లు ఎప్పుడూ బాట మీదనే. బస్సు సప్పుడు వినబడితే చాలు, చేతుల ఏముంటే అది పట్టుకొని గుమ్మంలకు వచ్చేది. బస్సు ఆగకుండ పోయేది. మళ్ళ లోపలికి పోయేది. నేను ఒక్కదాన్నే కుదురులేని దాన్ని అనుకున్న గని, ఆమె నాకన్న ఎక్కువ.

తీగ నాటే రోజు నాయనమ్మ చిన్నమ్మను ఊరికెనే రమ్మన్నది. చిన్నమ్మ చీర చెక్కి ఎత్తుగ పోసిన మట్టి బోదె మీద కూర్చొని, తీగను నడుమ వంచి, మడిచిన కాడ మట్టిల నొక్కి, రెండు కొసలు పైకి వదిలింది. నాయనమ్మ చూసింది. ఇంటికొచ్చినంక నాతోని, "పొల్లకు చెయ్యి తెలుసే" అన్నది. ఆ మాట చిన్నమ్మతోని అనలేదు.

తీగ పారినంక లేత ఆకు పప్పుల వేసుకునేటోళ్ళం. బచ్చలికూర కన్న కమ్మగుంటది, జిగురుండదు. తీగ ఎక్కువైతే మేకకు వేసేటోళ్ళం. చలికాలం మొదలైతే మట్టి పగులుతది. బోదె మీద పగులు కనబడితే లోపల గడ్డ ఊరినట్టు. నేను రోజూ పోయి ఆ పగులుల వేలు పెట్టి చూసేదాన్ని. తవ్వినంక గూడ వెంటనే తిననిచ్చేది కాదు నాయనమ్మ. నీడకు గంపల ఆరబెడితేనే తీపి దిగుతదని అనేది. నేను గంప చుట్టు తిరుగుతుంటే, "ఉడికెదాక ఉన్నోడు ఉమ్మగిల్లెదాక ఉండలేడా" అని సామెత ఒకటి నా నెత్తిన వేసేది. నేను దొంగతనంగ పచ్చిదే కొరికేదాన్ని. కరకరలాడేది, పాలు కారేది, పండ్ల సందుల రంగు పట్టేది. నోరు తెరిస్తే దొరికిపోవుడే.

నాయనమ్మ ఆ గడ్డతోని చేయనిది లేదు. ఉప్పు వేసి ఉడకబెట్టి బెల్లంతోని ఇచ్చేది. చింతపండు పులుసుల వేస్తే పులుసు ఎర్రగ, దానిమ్మ రంగుల అయ్యేది. పాలల్ల వేస్తే వేరే రంగు. పలచగ కోసి ఎండబెట్టి, దంచి పిండి చేసి కుండల దాచేది. ఎండకాలం పనుల్లేనప్పుడు ఆ పిండితోనే జావ. కడుపుల బరువుగ నిలిచేది, సాయంత్రం దాక ఆకలి అడిగేది కాదు. అన్నిటికన్న మాకు ఇష్టం బూడిదల కాల్చిన గడ్డ. పిడకల నిప్పు సగం ఆరినంక బూడిదల పూడ్చి, పైన నిప్పులు కప్పి మర్చిపోవాలె. కాలుతుంటే తోలు పగిలి బెల్లం పాకం లెక్క బుడగలొస్తది. వాసన వాకిలి దాటి బాట మీదకు పోతది. ఒక్కటే చిక్కు. కాల్చితే మామూలు గడ్డ లెక్క మెత్తగ కాదు ఇది. పిండి పిండిగ, ఎండగ ఉంటది. పెద్ద బుక్క పెడితే గొంతుల పట్టుకుంటది. అందుకే నాయనమ్మ మాకు గడ్డ చేతికిచ్చే ముందు నీళ్ళ చెంబు పక్కన పెట్టేది. చెంబు పెట్టకుండ ఎప్పుడూ ఇయ్యలేదు.

క్రిస్మస్‌కు చిన్నమ్మ బూరెలు చేస్తనన్నది. నేరేడు గడ్డతోని పూర్ణం. గడ్డ ఎంతకూ మెత్తబడుత లేదు, చర్చి టైమ్ అయితుంది, నేను పక్కన నిలబడి "అయిందా చిన్నమ్మా, అయిందా" అని ప్రాణం తీస్తున్న. శనగలకు వేసినట్టు జల్దీ ఉడకాలని చిటికెడు వంట సోడా వేసింది. మూత తీసేసరికి గడ్డంత పచ్చగ, చెరువు పాచి రంగులకు మారింది. చిన్నమ్మ గరిటె పారేసి కింద కూర్చున్నది. "పాడు చేశాను అత్తయ్యా, విషమైపోయిందేమో" అని ఏడుపు.

నాయనమ్మ వచ్చి గిన్నెల చూసింది. చెట్టు నుంచి నిమ్మకాయ తెంపుకొచ్చి, కోసి పిండింది. కలుపుతుంటే కలుపుతుంటే ఆ పచ్చదనం పోయి మళ్ళ ఊదారంగు, మీదికెళ్ళి ఎరుపు. నేను చప్పట్లు కొట్టిన. "సోడా పడితే గిట్లనే అలుగుతది బిడ్డా, పులుపు తగిలితే మళ్ళ నవ్వుతది. నేను గూడ మొదటి యేడు గిట్లనే చేసిన" అన్నది నాయనమ్మ. చిన్నమ్మ ఏడుసుకుంటనే నవ్వింది. నాయనమ్మ గూడ నవ్వింది. వాళ్ళిద్దరు కలిసి నవ్వంగ చూసుడు నాకు అదే మొదలు. ఆ బూరెలు కొంచెం పుల్లగున్నయ్. అయినా ఒక్కటి మిగలలేదు.

అప్పటికే చిన్నమ్మ కడుపుతోని ఉన్నది. అన్నం వాసన పడేది కాదు. నాతోని కలిసి గంపల పచ్చి గడ్డలు కొరికేది. ఒకరి పండ్లు చూసి ఒకరం నవ్వుకునేటోళ్ళం. కానీ నెలలు నిండుతున్న కొద్ది ఆమె బాట మీద చూసుడు మళ్ళ మొదలైంది. తొలి కాన్పు పుట్టింట్ల కావాలె గదా. వాళ్ళ అమ్మ కావాలని ఆమెకు. నోరు తెరిచి అడగలేదు, కానీ గాజులమ్మే ఆమె సత్తుపల్లి దిక్కు పోతదని తెలిసి, ఆమెతోని మాట చెప్పి పంపింది. తిరిగొచ్చేటప్పుడు గాజులామె జవాబు తెచ్చింది. "మీ అమ్మ కండ్లనీళ్ళు పెట్టుకుంది. మీ నాయన మాట్లాడలేదు. ఆదివారం దాటినంక ఒకసారి చూసి వస్తడట. చూసి వస్తడు, అంతే అన్నది మీ అమ్మ."

గాజులామె పోయినంక నాయనమ్మ అరుగు మీద కూర్చొని తేల్చి చెప్పింది. "ఆయన మన ఇంట్ల నీళ్ళు తాగిండా, బిడ్డను పురుటికి తీసుకపోయినట్టే. తాగకుండ లేచిపోయిండా, మళ్ళ ఈ బాటల కనబడడు."

బాబాయికి కోపం వచ్చింది. "మన నీళ్ళు తాగనోనికి మనమెందుకే చేతులు కట్టుకొని నిలబడుడు? రానీ, చూసి పోనీ. నా పెండ్లాన్ని నేను దవాఖానకు తీసుకపోత" అన్నడు.

"నీకు అమ్మ ఉంది, నీకేమెరుక" అన్నది నాయనమ్మ. "నాకు ఆయన అవసరం లేదు. ఈ పిల్లకు వాళ్ళమ్మ అవసరం."

బాబాయి కండువా భుజాన వేసుకొని ట్రాక్టర్ దిక్కు పోయిండు.

ఏం పెట్టాలె అనేది పెద్ద చిక్కైంది. అన్నం ముట్టడు. చాయ్ నీళ్ళతోని అయితది, తాగడు. పాలిస్తే మా గిన్నె. చివరికి నాయనమ్మే అన్నది, "నిప్పుల కాలిన గడ్డకు మైల లేదని వాళ్ళల్లనే అంటరు. నీళ్ళు తగలవు, గిన్నె తగలదు. బూడిదల నుంచి తీసి ఆకుల పెడుత. భూమిల ఊరింది, నిప్పుల కాలింది. తినకపోతే ఆయనిష్టం."

ఆ రోజు పొద్దున్నించి ఇంట్ల ఎవరికీ నిలకడ లేదు. చిన్నమ్మ వాకిలి ఊడ్చిందే ఊడ్చింది. బాబాయి ట్రాక్టర్ కాడికి పోయి వచ్చుడు, మళ్ళ పోవుడు. నేను నిప్పుల పుల్ల పెట్టి గడ్డను కదిలిస్తుంటే నాయనమ్మ వీపు మీద ఒకటి వేసింది. ఒక్క నాయనమ్మే మోదుగాకులు ఏరి తుడుచుకుంట కూర్చున్నది.

బస్సు ఆగింది. తెల్ల పంచె, చేతి గడియారం, పెద్ద మీసాలు. ఆయన వాకిట్ల నిలబడి ముందు ఇంటి కప్పు చూసిండు, తర్వాత చిన్నమ్మను చూసిండు. చిన్నమ్మ "నాన్నా" అన్నది. ఆయన తల ఊపిండు. మంచం వేస్తే కొస మీద కూర్చున్నడు, ఇప్పుడే లేచేటోని లెక్క. చిన్నమ్మ కాళ్ళకు నీళ్ళు తెచ్చి పెట్టింది. కడుక్కోలేదు. చెంబు అట్లనే ఉన్నది. చిన్నమ్మ దాన్ని తీసుకపోయి, తోమి, మంచినీళ్ళు ముంచి, గుమ్మం లోపల పెట్టి, దాని పక్కనే నిలబడ్డది.

నాయనమ్మ అరుగు మీద కూర్చొని నన్ను దగ్గరికి గుంజుకున్నది. జడ పిడికిట్ల పట్టుకున్నది.

"ఒళ్ళు బాగుంటుందా?" అన్నడాయన బిడ్డతోని.

"బాగుంటుంది నాన్నా. అమ్మ?"

"ఉంది."

ఆయన గడియారం చూసుకున్నడు. "బస్సు మళ్ళీ ఎప్పుడు?" అని బాబాయిని అడిగిండు. బాబాయి జవాబు చెప్పక ముందే నాయనమ్మ నా జడ వదిలి, "పోవే, గడ్డ తియ్యి" అన్నది. నేను ఎప్పుడెప్పుడా అని చూస్తున్న. ఉరికిపోయి, పుల్లతోని బూడిద తవ్వి, గడ్డను ఆకుల వేసి, వేడికి చేతులు మార్చుకుంట మార్చుకుంట తెచ్చి ఆయన ముందర పెట్టిన. నాయనమ్మ మళ్ళ నా జడ అందుకున్నది.

"నీళ్ళు తగల్లేదయ్యా, నిప్పుల కాలింది" అన్నది నాయనమ్మ, ఇంకెటో చూసుకుంట.

ఆయన గడ్డను చూసిండు. రైతు గదా. తీసుకొని, ఊదుకొని, నడుమకు విరిచిండు. ఆవిరి లేచింది. లోపలి రంగు చూసి ఆయన ముఖం మారింది. "ఇదేం రకం?" అన్నడు. వెలుతురుకు పెట్టి చూసిండు. వేలితోని నలిపి చూసిండు. "ఎక్కడిదమ్మా ఇది? నా చేలో ఇన్నేళ్ళు వేశాను, ఈ రంగు చూళ్ళేదు." మాట్లాడుకుంటనే తోలు తీసి, రుచి చూద్దమని పెద్ద బుక్క నోట్ల పెట్టుకున్నడు.

నమిలిండు. తల ఊపిండు. ఇంకొక బుక్క. ఆ బుక్క గొంతుల పట్టుకున్నది. ఒక ఎక్కిలి వచ్చింది. ఇంకొకటి. కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. గుండె మీద గుద్దుకున్నడు. మాట రాదు. ముఖం ఎర్రబడ్డది.

నీళ్ళు లేవు. చెంబు పెట్టలేదు నాయనమ్మ. మాకు ఎప్పుడూ పెట్టేది, ఆ రోజే పెట్టలేదు. నేను ఎగిరి లేవబోయిన. గుమ్మంల చెంబు నాకు కనబడుతనే ఉన్నది, రెండు అంగల్ల తెద్దును. జడ గుంజుకపోయింది. ఎప్పుడూ నొప్పి పెట్టని చెయ్యి ఆ రోజు నొప్పి పెట్టింది. "కూసో" అన్నది నాయనమ్మ నా చెవుల.

చిన్నమ్మ చెంబు తీసుకొని వచ్చింది. ఉరికి రాలేదు. కడుపు పట్టుకొని మెల్లగ వచ్చింది. వచ్చి ఆయన ముందర చెంబు పట్టుకొని నిలబడ్డది. ఆయన చెంబును చూసిండు. బిడ్డ ముఖం చూసిండు. చేతి బోరింగు బాట అవతల్నే ఉన్నది, లేచి పోతే పోవచ్చు. బాబాయి పండ్లు కొరుక్కుంట అటు తిరిగి నిలబడ్డడు. ఇంకొక ఎక్కిలి వచ్చింది. ఆయన చెయ్యి చాపి చెంబు తీసుకొని, ఎత్తి, గటగట తాగిండు. గొంతు కదులుడు, పంచె మీద నీళ్ళు పడుడు నాకు ఇప్పుడు గూడ కనబడుతది.

చెంబు ఖాళీ అయినంక దాన్ని కొంచెంసేపు చేతుల్నే పట్టుకున్నడు. "ఇంకొంచెం తేమ్మా" అన్నడు.

చిన్నమ్మ లోపలికి పోయి చాలాసేపు రాలేదు. నీళ్ళు ముంచుడు గంతసేపు పట్టదు.

లేచి పోయేటప్పుడు ఆయన నాయనమ్మ దిక్కు తిరిగి, "అక్కయ్యగారూ, తీగ ఉంటే నాలుగు మూరలు ఇప్పించండి. మా వైపు వేసి చూస్తాను" అన్నడు. అక్కయ్యగారు అన్నడు. నాయనమ్మ లేచి తానాల బండ కాడికి పోయి, తీగ తెంపి, తడి గుడ్డల చుట్టి ఇచ్చింది. తర్వాతి వారం ఆయనే కిరాయి జీపు కట్టుకొని వచ్చి చిన్నమ్మను పురుటికి తోలుకపోయిండు. ఆమె పోయిన రోజు నాకు మస్తు ఏడుపొచ్చింది. గంప కాడికి పోయి ఒక్కదాన్నే పచ్చి గడ్డ కొరికిన, పండ్లు చూసి నవ్వెటోళ్ళు లేరు.

ఊరంత ఆ సంగతి చాలా రోజులు చెప్పుకున్నది. "ఎంత తెలివైన ముసల్ది గని, నీళ్ళు తగలని తిండి వెతికి వెతికి, నీళ్ళు లేంది గొంతు దిగని గడ్డ పెట్టి, నీళ్ళు పెట్టుడే మరిచింది చూడు" అని నవ్వుకునేటోళ్ళు. నేను గూడ ఇన్నేళ్ళు అట్లనే చెప్పుకుంట వచ్చిన. నాయనమ్మ మతిమరుపు దేవుడు మంచికే పెట్టిండని. నాయనమ్మ వింటే కాదనలేదు, అవుననలేదు.

తర్వాత తర్వాత ఇంటికి నల్లా వచ్చింది. తానాల బండ తీసేసి సిమెంటు బాత్రూం కట్టినరు. నీళ్ళు పైపులకెళ్ళి పోయేటియి, తీగకు అందలేదు. ఒక ఎండకాలం అది చచ్చిపోయింది. సత్తుపల్లి దిక్కు చిన్నమ్మ నాయన నాటిన తీగ గూడ అప్పటికే పోయింది. అడివి ఊరి ముసలామె సంతకు వచ్చుడు ఎప్పుడో మానేసింది. చెలక ఇప్పుడు జామాయిల్ తోట. నాయనమ్మ గూడ పోయింది. నేను నర్సు ట్రైనింగు చేసి, ఊర్లు తిరిగి తిరిగి, ఇప్పుడు ఖమ్మంల ఈ కిరాయి ఇంట్ల మూడో అంతస్తుల ఉన్న. అడివి దిక్కు పోయి గూడ ఏండ్లయింది.

"అమ్మమ్మా, ఉడికింది" అన్నది మనవరాలు. దానికి సగం, నాకు సగం. అది ఫోన్ చూసుకుంటనే బుక్క పెట్టుకొని, "అబ్బ, గొంతు పడుతుంది" అని నీళ్ళ సీసా కోసం లేచింది.

నేను ఉండబట్టలేక సత్తుపల్లికి ఫోన్ చేసిన. చిన్నమ్మ ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటది. బాబాయి పోయినంక మాట ఇంకా మెత్తబడ్డది. గడ్డ సంగతి చెప్పిన. మస్తు నవ్వింది. అప్పుడు అడిగిన, "చిన్నమ్మా, ఆ రోజు నాయనమ్మ నీళ్ళు పెట్టుడు ఎట్ల మరిచిందే?"



"మీ నాయనమ్మ ఏదన్నా మరిచిపోవడం నువ్వెప్పుడైనా చూశావా?" అన్నది. "ముందురోజు నన్ను అడిగింది, మీ నాన్న తిండి ఎట్ల తింటడు అని. మా నాన్నకు ఉప్మా తిన్నా ఎక్కిళ్ళే, పక్కన నీళ్ళు లేకపోతే ముద్ద దిగదు అని చెప్పా. ఆవిడ గంప దగ్గరికి వెళ్ళి అన్నిటికన్నా ఎండు గడ్డలు ఏరింది. నన్ను మంచినీళ్ళు ముంచి గుమ్మం లోపల పెట్టుకోమంది. 'నువ్వే తేవాలె, ఇంకెవరూ తేవద్దు, ఉరకొద్దు' అంది."

"మీ నాయనకు తెల్వదా మరి?"

"తెలీకపోవడమేంటి. బండిలో వస్తుంటే అన్నాడు, మీ అత్తగారు గట్టి మనిషమ్మా అని. బోరింగు కనబడుతూనే ఉంది ఆయనకు. అయినా నా చేతుల్లోదే తాగాడు."

ఫోన్ పెట్టేసిన. నాకు ఇప్పుడు జడ లేదు. జుట్టు ఊడుతుందని ఎప్పుడో పొట్టిగ కత్తిరించుకున్న. మెడ వెనక చెయ్యి పెట్టుకున్న. కుదురులేని పిల్లనని పట్టుకుంటదనుకున్న ఇన్నేళ్ళు. ఆ రోజు నాయనమ్మ పట్టుకున్నది అందుకు కాదు, ఆ చెంబు చిన్నమ్మ చేతులకు పోయెదాక నా చెయ్యి దానికి తగలకుండ పట్టుకున్నది.

"అమ్మమ్మా, ఏందట్ల కూర్చున్నవ్?" అన్నది మనవరాలు. నిజమే, నేను కూర్చునే ఉన్న.